మూసేసిన డౌన్ లైన్

వీరభద్రానికి నలభై ఒకటో ఏట ఉబ్బసం వచ్చింది. అప్పటిదాకా జలుబు కూడా అతని జోలికి వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళు రైలింజన్లు నడిపాడు. మండే ఎండల్లో, కాగిపోయిన ఇంజను గదిలో కూర్చుని, దారి పొడుగునా దుమ్ము మింగి, ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగి హాయిగా నిద్రపోయేవాడు. అలాంటి మనిషికి ఒక కార్తీకంలో దగ్గు పట్టుకుంది. పది రోజుల్లో అదే పోతుందనుకున్నారు. మాఘం వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు పక్కగదిలోకి వినబడసాగాయి. ఆ వేసవిలో రైల్వే డాక్టర్లు అతన్ని ఇంజను మీంచి దించి, విజయవాడ స్టేషన్లో డ్రైవర్లకు డ్యూటీలు వేసే గదిలో ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

అతని భార్య సువర్చల మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ "బావా" అని పిలవడం అలవాటు. పెళ్ళయి పదిహేనేళ్ళయినా, తన పేరుకు ముందు డాక్టరని చేరినా ఆ పిలుపు మారలేదు. ఊరి చివర శ్వాసనాడి పరిశోధన కేంద్రమని ఒక చిన్న సంస్థ ఉంది. ఆమె పని అక్కడే. పెద్ద వయసులో ఉబ్బసం వచ్చినవాళ్ళలో అంతమంది దిగులులో ఎందుకు కూరుకుపోతారన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. ఊపిరాడని మనిషికి దిగులు కాక ఇంకేముంటుందని అందరూ తేల్చేసేవాళ్ళు. ఆ జవాబు ఆమెకు సరిపోలేదు. ఆయాసం లేని రోజుల్లో కూడా వాళ్ళు లేవలేకపోతున్నారు, తినలేకపోతున్నారు, పిల్లల్ని దగ్గరికి తీసుకోలేకపోతున్నారు. ఆ ప్రశ్న మీద ఆరేళ్ళు పనిచేశాక అదే జబ్బు ఆమె ఇంట్లోకి వచ్చింది.

భర్త కుర్చీ ఉద్యోగంలోకి మారిన మూడో ఏట ఒక ఆదివారం ఆమె చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. లోపల చింతపిక్కంత పరికరం. పదమూడేళ్ళ కూతురు మృదుల దాన్ని వేలితో తాకి చూసింది. తలలోంచి మెడ మీదుగా ఛాతీలోకి దిగే పెద్ద నరం ఒకటుంటుందని, ఊపిరితిత్తులు వాచినప్పుడు ఆ కబురు ఆ నరం వెంట పైకెళ్ళి మెదడులో దిగులు పుట్టిస్తుందని, దిగులు పుట్టినప్పుడు మెదడు అదే నరం వెంట కిందికి కబురంపి ఊపిరి గొట్టాలను బిగించేస్తుందని సువర్చల చెప్పింది. ఈ పిక్కను మెడలో ఆ నరం పక్కన అమర్చితే ఎటు వెళ్ళే కబురు ముందు బయల్దేరిందో రాసి పెడుతుంది. కావాలంటే ఒక వైపు కబుర్లను ఆపేస్తుంది కూడా.

వీరభద్రం శ్రద్ధగా విన్నాడు. "అంటే అప్ లైను, డౌన్ లైను. మధ్యలో నువ్వు గేటు పెడుతున్నావు," అన్నాడు.

ఆ మాట అతికినట్టు సరిపోయింది. మర్నాటి నుంచి కేంద్రంలో అందరూ దాన్ని గేటనే పిలిచారు.

మొదటి పరీక్షకు పదకొండు మందిని తీసుకున్నారు. పదకొండోవాడు వీరభద్రం. ఇంటి మనిషిని చేర్చుకోవడం డైరెక్టరు ఫణిభూషణ్‌కు ఇష్టం లేదు. సువర్చల పట్టుబట్టింది. ఆ ఒక్క ఫైలూ తనే స్వయంగా చూస్తానన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నాడు గాని, పనుల ఒత్తిడిలో ఎప్పుడూ చూడలేదు.

నియమాలన్నీ సువర్చలే రాసింది. మొదటి రెండు వారాలు గేటు దేన్నీ ఆపదు, రాసుకుంటుందంతే. అప్ లైను ముందు కదిలినవాళ్ళకు, అంటే ఛాతీలో మొదలై తలకెక్కేవాళ్ళకు, ఆ దారి మూస్తారు. డౌన్ లైను ముందు కదిలితే మాత్రం గేటు ముట్టుకోకూడదు. రోగికి ఆ సంగతి చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ఆ నియమం కింద ఆమె తన చేత్తోనే కారణం కూడా రాసింది: తలలో పుట్టిన దిగులును ఛాతీలోకి రాకుండా ఆపితే ఆయాసం ఆగుతుంది, దిగులు ఆగదు.

మిగతా పది మందిలో ఇద్దరికి డౌన్ లైను ముందు కదిలింది, వాళ్ళను మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఎనిమిది మందికి అప్ లైనే ముందు కదిలింది. వాళ్ళలో రత్నావళి అని పటమటలో లెక్కల టీచరు ఉంది. ఐదేళ్ళుగా బడి నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఆమెకు సాయంత్రాలన్నవి లేవు. గేటు మూసిన నాలుగో రోజున ఆమె కేంద్రానికి ఫోన్ చేసి, తను ఇప్పుడే పెరట్లో బట్టలు ఆరేసి వచ్చానని, ఆరేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీశానని, ఇది చెప్పడానికే చేశానని చెప్పి పెట్టేసింది. ఆ రోజు పరిశోధనశాలలో ఎవరూ సరిగా పనిచెయ్యలేదు.

రెండు వారాలు పూర్తయ్యాక సువర్చల భర్త రికార్డు తెరిచింది. రోజుకు తొమ్మిది సార్లు. తొమ్మిది సార్లూ డౌన్ లైనే ముందు. ఇరవై నిమిషాల తర్వాత ఛాతీ బిగుసుకుంటోంది. ఒక్కరోజు కూడా తేడా లేదు.

ఆమె ఆ కాగితాల ముందు చాలాసేపు కూర్చుంది. కార్తీకంలో దగ్గు మొదలైందంటే దానికి ముందు ఏమైందని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. నాలుగు నెలలు వెనక్కి వెళ్ళేసరికి ఒక రాత్రి భోజనం గుర్తొచ్చింది. "ఇవాళ లైను మీద ఒకటైంది. ఎవరో ఆడమనిషి," అన్నాడు అతను, పెరుగు కలుపుకుంటూ. మర్నాడు పంపవలసిన నివేదిక ఏదో ఆమె తలలో తిరుగుతోంది. అయ్యో అని, ఇంకాస్త పెరుగు వెయ్యనా అని అడిగి లేచి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. ఇంజను డ్రైవర్ల బతుకులో అలాంటివి ఒకటీ రెండూ తప్పవని ఇద్దరూ ఎరిగినదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె సమయం చూసుకుని, ఒకసారి మానసిక వైద్యుడికి చూపించుకుందామా అంది. వీరభద్రం కంచం పక్కకు నెట్టాడు. తనకు పిచ్చి లేదన్నాడు. ఆయాసం తగ్గితే మళ్ళీ ఇంజనెక్కవచ్చన్న ఆశ ఒక్కటే తనను నిలబెడుతోందని, ఫైల్లో ఆ డాక్టరు పేరు ఒక్కసారి పడితే ఆ ఆశా పోతుందని, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తవద్దని చెప్పి బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి కాసేపటికి పిల్లికూతలు వినిపించాయి.

మర్నాడు సువర్చల అతని ఫైల్లో "అప్ లైను ముందు" అని రాసింది. మూసింది మాత్రం డౌన్ లైను.

ఆయాసం వారంలో మాయమైంది. ఊపిరి బలం చూసే గొట్టం ఊదమంటే అతను ఊదిన ఊదుడుకు ముల్లు పాతికేళ్ళ కుర్రాళ్ళ అంకె దగ్గర ఆగింది. మంగళగిరి కొండ మెట్లన్నీ మృదులతో పందెం వేసి ఎక్కాడు. ఆషాఢంలో రైల్వే డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, గూడ్సు బళ్ళు నడపడానికి పనికొస్తాడని రాసిచ్చారు. వాళ్ళు చూసిన ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేదు. కాగితం అందుకున్న రోజు వీరభద్రం స్వీటు డబ్బా తెచ్చి పక్కింటివాళ్ళకు కూడా పంచాడు. పాత యూనిఫారం బీరువాలోంచి తీసి తనే ఇస్త్రీ చేసుకున్నాడు. సువర్చల అతన్ని చూస్తూ, తను చేసింది తప్పయినా ఫలం మంచిదే కదా అనుకుంది. ఆ వారమంతా అలాగే అనుకుంది.

ఆ తర్వాత ఇల్లు నెమ్మదిగా మారింది. మొదట్లో ఫలానా మార్పు అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ కనిపించలేదు. అతను డ్యూటీకి వేళకు వెళ్తున్నాడు, వేళకు వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. మాట్లాడిస్తే జవాబు చెబుతున్నాడు. అంతే. టీవీ ముందు కూర్చుంటే టీవీ ఆగిపోయాక కూడా అలాగే కూర్చునేవాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడి, ఎందుకొచ్చాడో మరిచిపోయినవాడిలా తిరిగి వచ్చేవాడు.

ఒకరోజు జడ వేయించుకుంటూ మృదుల అంది: "నాన్న ఇదివరకు దగ్గేవాడు కదమ్మా. ఏ గదిలో ఉన్నాడో తెలిసేది. ఇప్పుడు ఇంట్లో ఉన్నా తెలియట్లేదు."

సువర్చల చేతిలో జడపాయలు కాసేపు ఆగాయి.

గేటు మాత్రం చెబుతూనే ఉంది. ప్రతి సోమవారం ఆమె కంప్యూటరుకు అతని రికార్డు వచ్చేది. మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో కొడుతున్నట్టు, తలలోంచి బయల్దేరిన కబురు గేటు దాకా వచ్చి ఆగేది. మూసిన కొత్తలో రోజుకు తొమ్మిది. శ్రావణంలో ముప్ఫై. భాద్రపదం చివరికి అరవై నాలుగు. ఛాతీ దాకా ఒక్కటీ చేరలేదు. వచ్చే సోమవారం చెబుదామనుకుంది. ఆ సోమవారం వచ్చేసరికి పరీక్షల ఫలితాల మీద వ్యాసం పంపవలసి వచ్చింది. అందులో పదకొండో రోగి గురించి "పూర్తి స్వస్థత" అని రాసి పంపింది.

దసరా ముందు బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు, వీరభద్రం కింద పనిచేసే అసిస్టెంటు డ్రైవరు దానియేలు ఫోన్ చేశాడు.

"మేడం, సార్ బతికే ఉన్నారు. ముందు అది వినండి," అన్నాడు.

చీరాల దాటాక ఒక మలుపులో, సిగ్నలు పచ్చగా ఉండగా, వీరభద్రం ఉన్నట్టుండి బ్రేకు వేసి బండి ఆపేశాడట. ఎందుకన్నా చెప్పకుండా దిగిపోయాడట. మొదటి పెట్టె దగ్గర వంగి కిందికి చూశాడు. తర్వాత రెండోది. ఆ బండికి యాభై ఎనిమిది పెట్టెలు. వెతుకుతూ వెతుకుతూ పక్క పట్టాల మీదికి వెళ్ళాడు. ఆ లైను మీద ఎక్స్‌ప్రెస్ వస్తోంది. దానియేలు పరుగెత్తి రెక్క పట్టుకుని లాగేసరికి ఇద్దరూ కంకర మీద పడ్డారు. బండి వాళ్ళ పక్కనుంచి వెళ్ళిపోయింది. లేవగానే వీరభద్రం మళ్ళీ పెట్టెల కిందికి వంగాడు.

సువర్చల కారులో ఆ చిన్న స్టేషన్‌కు చేరేసరికి సాయంత్రమైంది. స్టేషన్ మాస్టరు గదిలో బల్ల మీద వీరభద్రం కూర్చుని ఉన్నాడు. మోచేతులు దోక్కుపోయాయి. ఎవరో ఇచ్చిన టీ చల్లారిపోయి పక్కనే ఉంది. ఊపిరి మాత్రం నిండుగా, సాఫీగా ఆడుతోంది. ఆమెకు అది చూస్తే భయమేసింది.

ఆమె పక్కన కూర్చుంది. అడగకుండానే అతను మొదలుపెట్టాడు. నాలుగేళ్ళ కిందట ఇదే మలుపులో ఒకామె మేకల్ని తోలుకుంటూ పట్టాలు దాటుతోంది. హారన్ కొట్టాడు. బ్రేకు వేశాడు. ఆమె తలెత్తలేదు. వెనకబడిన మేకపిల్ల కోసం మళ్ళీ పట్టాల మీదికి వచ్చింది. ఆఖర్న ఒక్కసారి చూసింది. బండి ఆగేసరికి ముప్పావు కిలోమీటరు ముందుకొచ్చేసింది. వెనక గార్డు చూసుకున్నాడు, కాగితం రాసిచ్చాడు, సిగ్నలిచ్చారు. పోయిన నిమిషాలు దారిలో కలుపుకుని బండిని ఒంగోలుకు సరైన వేళకే చేర్చాడు. వేళకు తెచ్చినందుకు అక్కడెవరో మెచ్చుకున్నారు కూడా.

"నేను దిగి చూడలేదు సువర్చలా. అసలు దిగనే లేదు. ఇవాళ దిగాను."

అప్పుడామె గేటు సంగతి చెప్పింది. రికార్డులో ఏముందో, ఫైల్లో ఏం రాసిందో, ఏ దారి మూసిందో ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతను గోడ మీది రైళ్ళ పట్టికకేసి చూస్తూ ఉన్నాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రెండు వారాల్లోనే తెలిసింది బావా."

"ఆయాసం వచ్చినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తోందనుకున్నాను," అన్నాడు. "ఆవిడ గుర్తొచ్చి ఆయాసం వచ్చేదన్నమాట." చల్లారిన టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "ఊపిరందక గింజుకుంటున్నంతసేపూ ఇంకేమీ తోచేది కాదు. అదయ్యాక ఓ గంట తేలిగ్గా ఉండేది. నువ్వు దాన్ని ఆపేశావు. తర్వాత లోపల అదొక్కటే మిగిలింది. రాత్రీ పగలూ అదే. నీకు కనబడుతూనే ఉంది కదా, ఎన్నిసార్లో లెక్కతో సహా."

ఇంటికి వస్తున్నంతసేపూ దానియేలు ముందు కారు డ్రైవరు పక్కన, వీరభద్రం వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నారు. పక్కనే ఉన్న సువర్చల తన చెయ్యి అతని చేతి మీద వేస్తే తియ్యలేదు, పట్టుకోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే సువర్చల జరిగిందంతా కాగితం మీద పెట్టి ఫణిభూషణ్‌కు ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. తను చూడవలసిన ఫైలు చూడకపోవడం తన తప్పేనని మాత్రం అన్నాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. వారం తిరక్కుండా విచారణ సంఘం వచ్చింది. ఆమెను పరిశోధన నుంచి తప్పించారు. విచారణ ముగిసేదాకా మూసిన తొమ్మిది గేట్లూ తెరిచి ఉంచాలని ఆదేశించారు.

అందరికంటే ముందు వీరభద్రం గేటు తెరిచారు. ఆసుపత్రిలో, ఆక్సిజన్ సిద్ధంగా పెట్టుకుని, మానసిక వైద్యురాలు పక్కన ఉండగా, కొద్దికొద్దిగా. సువర్చలను గదిలోకి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆమెకు నలభై నిమిషాల తర్వాత పిల్లికూతలు వినిపించాయి. ఆ వెనకే ఇంకో చప్పుడు. అది ఏడుపని ఆమెకు వెంటనే తెలియలేదు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ గొంతు ఏడవగా ఆమె వినలేదు.

రత్నావళి టీచరు ఆ నెలాఖర్న ఇంటికొచ్చింది. గేటు తెరిచి మూడు వారాలైంది ఆమెకు. జుట్టు దువ్వుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎలాగో దోపుకుని ఉంది. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలోనే నిలబడి, మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"మీ ఆయన విషయంలో మీరు తప్పు చేశారట. నా విషయంలో మీరు చేసింది ఒప్పే కదా డాక్టరుగారూ. మరి నాదెందుకు తీసేశారు?"

విచారణ అయ్యాక మళ్ళీ మూస్తారని సువర్చల చెప్పింది. ఎప్పుడని అడిగింది రత్నావళి. తెలియదంది. రత్నావళి తలూపి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా సువర్చల గుమ్మంలోనే ఉంది. ఎనిమిది మంది అలాగే ఉన్నారు. వాళ్ళందరి పేర్లూ, చిరునామాలూ, ఎవరు ఏ రోజు మొదటిసారి నవ్వారో కూడా ఆమెకు తెలుసు.

వీరభద్రం మళ్ళీ ఇంజను ఎక్కలేదు. ఎక్కనని తనే రాసిచ్చాడు. వారానికి రెండుసార్లు మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళేవాడు. దిగులూ ఆయాసమూ రెండూ వస్తూ పోతూ ఉండేవి. సువర్చలతో కూరలో ఉప్పు గురించీ, పిల్ల ఫీజు గురించీ మాట్లాడేవాడు. అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు. వైద్యురాలి దగ్గర ఏం మాట్లాడతాడో ఆమె అడిగేది కాదు. అడిగే హక్కు పోయిందనుకునేది.

పుష్యమాసంలో ఒక పొద్దున దానియేలు వచ్చి అతన్ని తీసుకెళ్ళాడు. ఎక్కడికని అడిగితే చీరాల అవతలికి అన్నారు. సువర్చల తనూ వస్తానంది. వద్దన్నాడు వీరభద్రం. కోపంగా అనలేదు. ఆ ఊరికి వెళ్ళవలసింది తనే అన్నట్టుగా అన్నాడు.

సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని హాల్లో కూర్చున్నాడు. ఛాతీలో చిన్నగా కూత. మృదుల పుస్తకం పక్కన పెట్టి ఎక్కడికెళ్ళావు నాన్నా అంది. అతను పిల్లకు చెప్పడం మొదలుపెట్టాడు. సువర్చల వంటింట్లో పొయ్యి ఆర్పేసి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

ఆ రోజు పట్టాల మీద పోయినామె పేరు పోలేరమ్మ అట. యాభై రెండేళ్ళు. ఒక కొడుకు, మగ్గం నేస్తాడు. ఎవరని అడిగితే, మీ అమ్మను గుద్దిన బండి నడిపింది నేనే అని చెప్పాడట. కొడుకు మగ్గం ఆపి లేచాడు. తర్వాత లోపలికి పిలిచి మంచం వాల్చాడు. అన్నం తినిపోమన్నాడు. తిన్నాడు. హారన్ కొట్టానని, ఇంకా ముందే కొట్టి ఉండవలసిందేమోనని, నాలుగేళ్ళుగా ఆ సెకన్లే లెక్కపెట్టుకుంటున్నానని వీరభద్రం అతనితో అన్నాడట.

అక్కడికి వచ్చేసరికి ఊపిరి బిగుసుకుంది. భుజాలు పైకి లేచాయి, నోరు తెరుచుకుంది. మృదుల బెదిరి తల్లికేసి చూసింది. సువర్చల కదలబోయి ఆగింది. వీరభద్రం తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. ఆమె అల్మారాలోంచి ఇన్‌హేలర్ తీసి ఆ చేతిలో పెట్టింది. రెండుసార్లు పీల్చుకుని, కళ్ళు మూసుకుని, కూత కాస్త సన్నబడేదాకా ఆగాడు. ఆమె తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళబోయింది.

"కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చుంది. అతను ఆమె మొహంలోకి చూడలేదు. పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"ఎంత ముందు కొట్టినా ఒకటేనంట. వాళ్ళమ్మకు చెవుడు."